లారీ హెడ్ గ్యాస్కెట్ మార్పిడి: తెలుగునాట మరమ్మతు పరిజ్ఞాన చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

లారీ ఇంజను బ్లాకుకు, దానిపై బిగించే సిలిండర్ హెడ్డుకు మధ్య ఉండే పలుచని పొర హెడ్ గ్యాస్కెట్. అది కాలిపోతే ఎంత పెద్ద బండి అయినా దారిలో నిలిచిపోతుంది. కంపెనీ సర్వీసు కేంద్రాలు అరుదుగా ఉన్న దశాబ్దాలలో తెలుగునాట డ్రైవర్లు, మేస్త్రీలు, లేత్ పనివారు ఈ పొరను మార్చే పనిని తమంతట తామే నేర్చుకొని ఒక క్రమానికి తెచ్చారు. ఈ ఒక్క మరమ్మతును ఆధారంగా తీసుకొని, ఆ పరిజ్ఞానం ఏ పరిస్థితుల్లో ఏర్పడిందో, ఎవరెవరి మధ్య పంపిణీ అయిందో, ఇంజను నిర్మాణం మారినకొద్దీ అందులోని నిర్ణయాధికారం ఎవరి చేతికి మారిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పనిలో వాడుకలో ఉన్న తెలుగు మాటలను చారిత్రక ఆధారాలుగా స్వీకరించవలసిన అవసరాన్ని కూడా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లారీ, హెడ్ గ్యాస్కెట్, ప్యాకింగ్, మేస్త్రీ, ఆటోనగర్, వృత్తి పదజాలం, మరమ్మతు చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

యంత్రాల చరిత్రను వాటిని కనిపెట్టినవారి చరిత్రగా రాయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిచిన సంగతి పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ ఇంజను దశాబ్దాల తరువాత ఒక ఘాట్ రోడ్డులో ఆగిపోయినప్పుడు దాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ నడిపించినవారి సంగతి కనిపించదు. డేవిడ్ ఎడ్జర్టన్ 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' గ్రంథంలో, సాంకేతికతను ఆవిష్కరణ వైపు నుండి కాక వాడకం, నిర్వహణల వైపు నుండి చూడాలని వాదించాడు. ఘానాలోని కుమాసి నగరపు మరమ్మతు వాడను ఆయన ఉదాహరణగా చూపాడు. భారతదేశానికి సంబంధించి డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువరించిన 'ఎవ్రీడే టెక్నాలజీ'లో సైకిలు, కుట్టుమిషను, టైపురైటరు, బియ్యపు మిల్లు వంటి నిత్యజీవిత యంత్రాలను పరిశీలించాడు. ఇదే దృష్టితో తెలుగునాట లారీ మరమ్మతును పరిశీలించడానికి హెడ్ గ్యాస్కెట్ మార్పిడి తగిన అంశం. టైరు మార్చడంలా ఇది ఎవరైనా చేయగలిగే చిన్నపని కాదు. ఇంజనును పూర్తిగా పునర్నిర్మించడంలా కార్ఖానాలో మాత్రమే సాధ్యమయ్యే పెద్దపనీ కాదు. వాడకందారు నేర్పుకు, వృత్తినిపుణుని నేర్పుకు మధ్య సరిహద్దు ఎక్కడుందో ఈ పనిలో స్పష్టంగా తెలుస్తుంది.

2. గ్యాస్కెట్ - స్వరూపం, ఆవశ్యకత:

తొలినాటి మోటారు ఇంజన్లలో చాలావాటికి సిలిండరు, హెడ్డు ఒకే పోతగా ఉండేవి. విడదీయగల హెడ్డును విస్తృత వాడుకలోకి తెచ్చిన వాటిలో 1908 నాటి ఫోర్డ్ మోడల్ టి ముఖ్యమైనది. హెడ్డు విడిగా ఉంటే లోపలి మసిని గోకడం, వాల్వులను సరిచేయడం తేలిక. అయితే రెండు లోహపు తలాలు ఎంత నునుపుగా ఉన్నా వాటి మధ్య సందు పూర్తిగా మూసుకుపోదు. ఆ సందును మూసేందుకు పుట్టినదే గ్యాస్కెట్. అంటే బండిని మరమ్మతుకు అనువుగా మలచిన మార్పే దానికొక కొత్త బలహీన స్థానాన్ని కూడా తెచ్చిపెట్టింది.

ఈ పొర ఒకేసారి మూడింటిని విడివిడిగా ఉంచాలి. సిలిండరులోని మండే వాయువు, హెడ్డులోకి ప్రవహించే చల్లార్చే నీరు, కందెన నూనె ఒకదానిలో ఒకటి కలవకూడదు. ఆనాటి పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు మిశ్రమం ఐదు నుండి ఏడో వంతుకు కుదించుకుపోతే చాలు. డీజిలు ఇంజనులో గాలి సుమారు పదహారు నుండి ఇరవయ్యో వంతుకు కుదించుకుపోవాలి. నిప్పురవ్వ లేకుండా, ఆ ఒత్తిడివల్ల పుట్టిన వేడితోనే డీజిలు మండుతుంది. అందువల్ల పెట్రోలు లారీల నుండి డీజిలు లారీలకు మారడం గ్యాస్కెట్ విషయంలో వట్టి ఇంధన మార్పు కాదు. అంతకుముందు కొంత సర్దుకుపోయిన లోపాలను కొత్త ఇంజను సహించలేదు.

3. తెలుగునాట లారీ - పరిజ్ఞానం ఏర్పడిన పరిస్థితులు:

హైదరాబాదు సంస్థానంలో నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ప్రజారవాణా అక్కడ తొలినుండి సంస్థాగతమైంది. కోస్తా జిల్లాలలో దారి వేరు. కృష్ణా, గోదావరి ఆనకట్టల కింద పండిన పంట మిగులు వ్యవసాయానికి వెలుపల కూడా పెట్టుబడిగా మారింది. రవాణా అందులో ఒక ముఖ్య రంగమని కోస్తాంధ్ర రైతు పెట్టుబడిదారులపై కరోల్ ఉపాధ్య చేసిన పరిశోధన చూపింది. ఒకటి రెండు బండ్లున్న యజమాని సొంత వర్క్‌షాపు పెట్టుకోలేడు. అతనికి మేస్త్రీ కావాలి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు కొరత వల్ల బొగ్గు గ్యాసుతో బండ్లు నడపవలసి వచ్చింది. యుద్ధానంతరం సైన్యం వదిలించుకున్న లారీలు పౌర వాడకంలోకి వచ్చాయి. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చాక, దేశంలో తయారీ చేపట్టే ప్రణాళిక లేని విదేశీ సంస్థలు తప్పుకోవలసి వచ్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు 1950ల మధ్యనాటికి ఇక్కడి అసెంబ్లీ పని ఆపివేశాయి. కంపెనీలు వెళ్లిపోయినా వాటి బండ్లు రోడ్లమీద మిగిలాయి. తయారీదారు అండలేని యంత్రాన్ని నడిపించవలసిన ఈ అవసరమే స్వయం మరమ్మతుకు మొదటి బడి అయింది.

1954లో టెల్కో, డైమ్లర్ బెంజ్ ఒప్పందంతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ఆరంభమైంది. 1948లో మద్రాసులో ఏర్పడిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం 1969లో ముగిసిన తరువాత కూడా ఆ ఇంజను వంశమే చిన్న మార్పులతో దీర్ఘకాలం కొనసాగింది. పరిజ్ఞాన చరిత్రలో ఈ కొనసాగింపు చాలా కీలకమైనది. తండ్రి విప్పిన ఇంజనునే కొడుకూ విప్పాడు. నేర్చుకున్నది ఒక తరంలో పాతబడలేదు. విడిభాగాలు ప్రతి పెద్ద ఊరిలో దొరికాయి.

మద్రాసు-కలకత్తా మార్గం, హైదరాబాదు-మచిలీపట్నం మార్గం కలిసే కూడలి కావడంవల్ల విజయవాడ ఈ వృత్తికి కేంద్రమైంది. 1960లలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్‌లో మేస్త్రీలు, లేత్ షాపులు, బాడీ కట్టేవారు, విడిభాగాల వ్యాపారులు ఒక్కచోట చేరారు. తరువాత గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదులలోనూ ఆటోనగర్‌లు వెలిశాయి. 2014లో వచ్చిన 'ఆటోనగర్ సూర్య' చలనచిత్రం పేరులోనే ఈ వాడ నిలిచింది.

4. మరమ్మతు క్రమం - పంపిణీ అయిన నేర్పు:

4.1 గుర్తింపు: 

గ్యాస్కెట్ పోయిన సంగతిని మొదట పసిగట్టేది డ్రైవరు. రేడియేటరు మూత తీసి ఇంజను నడిపితే నీటిలో బుడగలు వస్తున్నాయంటే మండిన వాయువు నీటిదారిలోకి చొరబడుతున్నట్టు. పైకి కారడం కనబడకుండా నీరు తగ్గిపోతూ, పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి వస్తుంటే నీరు సిలిండరులోకి పోతున్నట్టు. ఆయిల్ కొలపుల్ల తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగు కనబడితే నీరు, నూనె కలిసినట్టు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి బలం తప్పితే వాటి మధ్యనున్న సన్నని పట్టీ కాలినట్టు. ఇవన్నీ మీటర్లు చూపేవి కావు. రోజూ ఒకే బండి నడిపేవాడి కంటికి, చెవికి, ముక్కుకు తెలిసేవి. చిన్న కారుడుకు రేడియేటరులో పసుపు పోయడం, డీజిలు ట్యాంకు చిల్లుకు సబ్బు అద్దడం వంటి దారి చిట్కాలు డ్రైవర్లకు తెలుసు. హెడ్ గ్యాస్కెట్‌కు అలాంటి చిట్కా నిలవదని కూడా వారికి తెలుసు.

4.2 విప్పడం:

వేడిగా ఉన్న హెడ్డును విప్పితే వంగుతుంది కనుక ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. నీరు వదిలి, గొట్టాలు, మానిఫోల్డులు, ఇంజెక్టరు పైపులు తీసి, రాకరు షాఫ్టు ఎత్తి, పుష్‌రాడ్లను వరుస తప్పకుండా ఉంచాలి. అట్టముక్కకు చిల్లులు పొడిచి, ఏ సిలిండరు రాడ్లు ఆ చిల్లుల్లో గుచ్చడం ఇందుకు సులభమైన పద్ధతి. హెడ్డు బోల్టులను అంచుల నుండి మధ్యకు, కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఆరు సిలిండర్లకూ ఒకే హెడ్డున్న ఇంజనులో దాన్ని చేతులతో ఎత్తడం కష్టం. చెయిన్ పుల్లీగాని, నలుగురు మనుషులుగాని కావాలి. ఒంటరిగా చేసే పనికి మొదటి హద్దు ఇక్కడే ఎదురవుతుంది.

4.3 తలం పరీక్ష:

పాత గ్యాస్కెట్ స్థానంలో కొత్తది పెట్టి బిగించడమే మార్పిడి అనుకుంటే అది కొద్దిరోజుల్లోనే మళ్లీ పోతుంది. కాలిన గ్యాస్కెట్ సాధారణంగా రోగం కాదు, రోగలక్షణం. ఫ్యాను బెల్టు జారడం, నీటి పంపు అరగడం, రేడియేటరు పూడుకుపోవడం, మితిమీరిన బరువుతో ఎత్తు ఎక్కడం వంటి కారణాలతో ఇంజను మరిగి, హెడ్డు వంగుతుంది. హెడ్డు అడుగు తలంపై నిటారు పట్టీని నిలువుగా, అడ్డంగా, మూలమూలలకు పెట్టి, దాని కింద ఫీలర్ గేజి దూర్చి చూడాలి. వంపు మిల్లీమీటరులో పదో వంతు దాటితే హెడ్డు లేత్ షాపుకు పోవలసిందే. అక్కడ తలాన్ని చదును చేయడాన్ని 'ఫేసింగ్' అంటారు. ఎంత మేర కోయాలన్నది లేత్ పనివాని నిర్ణయం. ఎక్కువ కోస్తే వాల్వులు పిస్టనుకు తగిలే ప్రమాదం ఉంది.

4.4 బిగించడం: 

బోల్టు చిల్లులలో మిగిలిన నూనెనుగాని నీటినిగాని ఊది తీయకపోతే, బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవం ఒత్తిడికి బ్లాకే చిట్లవచ్చు. బోల్టులను మధ్య నుండి అంచులకు, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఆ తరువాత ట్యాపెట్లు సరిచేయాలి. 1-5-3-6-2-4 వరుసలో మండే ఆరు సిలిండర్ల ఇంజనులో ఆరో సిలిండరు వాల్వులు రెండూ ఊగిసలాడే స్థితిలో ఉన్నప్పుడు మొదటి సిలిండరు ట్యాపెట్లు పెట్టాలి. ఒకటికి ఆరు, ఐదుకు రెండు, మూడుకు నాలుగు అనే ఈ జంటలు గుర్తుంటే పుస్తకం అక్కరలేదు.

ఈ నాలుగు దశలను కలిపి చూస్తే, 'స్వయంగా బాగుచేసుకోవడం' అనే మాటకు తెలుగునాట ఉన్న అర్థం తేటపడుతుంది. అది ఒక వ్యక్తి ఒంటరిగా తన బండిని బాగుచేసుకోవడం కాదు. రోగాన్ని గుర్తించేది డ్రైవరు, విప్పి బిగించేది మేస్త్రీ, తలాన్ని చదును చేసేది లేత్ పనివాడు. కంపెనీకి వెలుపల ఉన్న ఒక వృత్తి సమూహం తనలో తాను పని పూర్తిచేసుకోవడమే ఇక్కడ 'స్వయం'.

5. చేతి నుండి అంకెకు, అంకె నుండి కోణానికి:

బోల్టును ఎంత బిగించాలన్న ప్రశ్న ఈ పరిజ్ఞానానికంతటికీ కేంద్రం. తయారీదారు దాన్ని కిలోగ్రామ్-మీటర్లలో చెబుతాడు. మేస్త్రీకి అది భుజానికి తెలిసే బరువు, పానాకు తొడిగిన పైపు పొడవు. మైకేల్ పొలాన్యి 1966లో 'ది టాసిట్ డైమెన్షన్'లో వివరించిన, మాటల్లో పూర్తిగా చెప్పలేని జ్ఞానానికి ఇది చక్కని ఉదాహరణ.

అయితే ఈ నేర్పును ఆరాధనాభావంతో చూడటం చరిత్ర రచనకు తగదు. బోల్టుపై పెట్టే బలంలో సుమారు తొమ్మిది పాళ్లు బోల్టు తల కింద, మరల మధ్య రాపిడికే పోతుంది. పదో పాలు మాత్రమే హెడ్డును అదిమిపట్టే బలంగా మిగులుతుంది. తుప్పు పట్టిన మరలో బోల్టు గట్టిగా బిగిసినట్టు అనిపిస్తుంది, నిజానికి హెడ్డు వదులుగానే ఉంటుంది. ఈ విషయంలో చెయ్యి మోసపోయినట్టే టార్క్ రెంచి కూడా మోసపోతుంది. అందువల్ల అసలు నేర్పు బలాన్ని అంచనా వేయడంలోకంటే ముందున్న పనిలో ఉంది. మరలను తీగబ్రష్‌తో శుభ్రం చేసి, పలుచగా నూనె రాసి, ప్రతి బోల్టూ చేతి వేళ్లతో చివరిదాకా దిగుతుందో లేదో చూసిన మేస్త్రీకి రెంచి లేకపోయినా పని కొంతవరకు నిలిచేది. అది చేయనివానికి రెంచి ఉన్నా నిలవదు.

1990ల నుండి ఈ పని స్వభావం మారింది. 1993లో టాటా, కమిన్స్ సంస్థల ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. కొత్త తరం ఇంజన్లలో బోల్టును నిర్ణీత బలం వరకు బిగించి, ఆపై 90 డిగ్రీలు తిప్పే పద్ధతి వాడుకలోకి వచ్చింది. కోణాన్నిబట్టి బిగిస్తే రాపిడి తేడాల ప్రభావం బాగా తగ్గుతుంది. 'ఇంకో పావు చుట్టు' అనే మేస్త్రీ లెక్క కంపెనీ పుస్తకంలో డిగ్రీలుగా కనిపించడం గమనించదగినది. కాని అదే కాలంలో కొన్ని ఇంజన్లలో బోల్టులను సాగే స్థితిదాకా బిగించి, ఒక్కసారే వాడే నియమం వచ్చింది. పాత బోల్టును చూసి పనికొస్తుందో లేదో తేల్చే అధికారం అక్కడితో మేస్త్రీ చేతిలోంచి జారిపోయింది.

6. వృత్తి పదజాలం - చారిత్రక ఆధారం:

ఈ వృత్తికి రాతపూర్వక చరిత్ర తక్కువ. దాని మాటలే దాని దస్తావేజులు. గ్యాస్కెట్‌ను వర్క్‌షాపుల్లో 'ప్యాకింగ్' అనడం పరిపాటి. 'మేస్త్రీ' పోర్చుగీసు నుండి వచ్చి, కట్టడపు పనికి, కుట్టుపనికి, మోటారు పనికి కూడా పెద్దగా నిలిచిన మాట. 'పానా' హిందుస్తానీ వాడుక. 'హెడ్డు', 'బోరు', 'నాజిలు', 'ట్యాపెట్టు' ఆంగ్లం నుండి వచ్చి తెలుగు అజంతత్వాన్ని పొందాయి.

నామవాచకాలకంటే క్రియలు మరింత విలువైనవి. వస్తువుల పేర్లు అరువు తెచ్చుకున్నా, వాటికి జరిగేదాన్ని చెప్పే మాటలు తెలుగువే. ఇంజను 'మరుగుతుంది', 'నీళ్లు తాగుతుంది', 'పట్టేస్తుంది'. హెడ్డును 'దించుతారు', 'ఎక్కిస్తారు'. ఫేసింగ్ 'కొట్టిస్తారు'. ప్యాకింగ్ 'పోతుంది'. ఇక్కడ 'నీళ్లు తాగడం' అలంకారం మాత్రమే కాదు, నిర్ధారణ. నీరు బయటికి కారడం లేదు, లోపలికే పోతోంది అనే తేడాను ఆ ఒక్క క్రియ చెబుతుంది. ఇంజనును ప్రాణిగా చూసే ఈ పలుకుబడిలో లక్షణం నుండి కారణానికి వెళ్లే ఆలోచనాక్రమం ఇమిడి ఉంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయ పదాలను, రెండో సంపుటం (1971) చేనేత పదాలను సేకరించింది. మోటారు మరమ్మతు అప్పటికి కొత్త వృత్తి. నేడు అది కొన్ని తరాల వయసున్న వృత్తి. నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు చూపిన శ్రద్ధే ఇంజను పనికీ చూపడానికి కాలం వచ్చింది. అరువుమాటలు ఎక్కువనే కారణంతో దీన్ని పక్కనపెట్టడం భాషాశాస్త్ర దృష్టితో నిలిచే వాదన కాదు.

7. పనివారి దేహం - చెల్లించిన మూల్యం:

దీర్ఘకాలం హెడ్ గ్యాస్కెట్లలో రాగి లేదా ఉక్కు రేకుల మధ్య ఆస్బెస్టాస్ నార ఉండేది. వేడికి తట్టుకొని, ఒత్తిడికి అణిగి, తలాల చిన్న లోపాలను సర్దేది. అతుక్కుపోయిన పాత గ్యాస్కెట్‌ను గోకి తీసేటప్పుడు ఆ నార ధూళిగా లేస్తుంది. ఊపిరితిత్తులలో చేరిన ఆ ధూళి ఆస్బెస్టాసిస్‌కు, క్యాన్సరుకు కారణమవుతుంది. వ్యాధి బయటపడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య హక్కుపై సుప్రీంకోర్టు 1995లో ముఖ్యమైన తీర్పు ఇచ్చినా, చెట్టుకింద పనిచేసే మేస్త్రీకి దాని రక్షణ అందడం కష్టం.

గోకడం అనేది వృత్తిక్రమంలో మొదటి మెట్టు. కొత్తగా చేరిన కుర్రవానికి భాగాలు కడగడం, తలం గోకడం ఇచ్చేవారు. చివరి బిగింపు గురువు చేతిలో ఉండేది. అంటే నేర్పు తక్కువగా ఉన్నవారికే ధూళి ఎక్కువ. ఆటోమొబైల్ వర్క్‌షాపులు తరువాతి కాలంలో 1986 బాలకార్మిక చట్టపు ప్రమాదకర జాబితాలో చేరడం ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. పనిలో పడి నేర్చుకోవడాన్ని ప్రశంసించే రచన దాని కింద నలిగిన బాల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పలు ఉక్కు రేకుల గ్యాస్కెట్లు ఆస్బెస్టాస్ స్థానాన్ని ఆక్రమించడం ఈ కోణంలో మేలే. అయితే అవి పాతవాటిలా తలపు లోపాలను సర్దుకోవు. మరింత నునుపైన తలాన్ని, అంటే మరింత కచ్చితమైన యంత్రాన్ని కోరుతాయి.

8. నేటి స్థితి:

2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలయ్యాయి. ఇంధన పీడనాన్ని, పొగశుద్ధిని కంప్యూటరు నియంత్రించే ఈ ఇంజన్లలో లోపాన్ని కోడ్ రూపంలో చదివే పరికరం లేకుండా చాలా మరమ్మతులు సాగవు. 2021లో వచ్చిన వాహన తుక్కు విధానం పాత బండ్ల విరమణను ప్రోత్సహిస్తోంది. కాలుష్యం తగ్గడం సమాజానికి అవసరం. దాన్ని కాదనలేం. కాని ఒకే లారీతో వాయిదాలు కట్టుకునే యజమానికి బండి ఎన్నిరోజులు నిలిచిందన్నదే అసలు లెక్క. ఆ లెక్క ఇంతకాలం రోడ్డుపక్క మేస్త్రీ చేతిలో ఉండేది. ఇప్పుడది క్రమంగా కంపెనీ సర్వీసు కేంద్రపు వరుసలోకి వెళ్తోంది. హెడ్డు వంగడం, గ్యాస్కెట్ కాలడం మాత్రం ఆగలేదు. భౌతిక ధర్మం మారలేదు, విప్పే అధికారం మారింది.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. తెలుగునాట హెడ్ గ్యాస్కెట్ మార్పిడి పరిజ్ఞానం రెండు చారిత్రక కారణాల కలయిక. తయారీదారు అండ లేని బండ్లు స్వయం మరమ్మతును అనివార్యం చేశాయి. ఒకే ఇంజను వంశం దీర్ఘకాలం కొనసాగడం ఆ నేర్పును తరాలకు అందించింది.

2. 'స్వయం మరమ్మతు' వ్యక్తిగతమైనది కాదు. డ్రైవరు, మేస్త్రీ, లేత్ పనివారి మధ్య పంపిణీ అయిన సామూహిక జ్ఞానం అది.

3. బిగింపు ప్రమాణం చేతి నుండి అంకెకు, అంకె నుండి కోణానికి మారడంలో కచ్చితత్వం పెరిగింది. దానితోపాటే నిర్ణయాధికారం వర్క్‌షాపు నుండి తయారీదారు వైపు జరిగింది.

4. ఈ వృత్తి క్రియాపదాలలో రోగనిర్ధారణ పద్ధతి నిక్షిప్తమై ఉంది. అవి సేకరణకు నోచుకోవాలి.

పాత డీజిలు ఇంజను తుక్కుకు పోయినా దాని నమూనా ఏదో ఒక ప్రదర్శనశాలలో మిగలవచ్చు. బండి నీళ్లు కారుస్తోందా, తాగుతోందా అని విని చెప్పగల మేస్త్రీ మాట మాత్రం ఎవరైనా రాసుకుంటేనే మిగులుతుంది. ఆటోనగర్‌లలో తొలితరం మేస్త్రీల శిష్యులు ఇంకా పనిలో ఉండగానే తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు కలిసి ఈ సేకరణకు పూనుకోవలసి ఉంది.